మసి కాగితం మీద మిగిలిన గొంతు: ఫస్ట్ సౌండ్స్ శబ్ద భాండారం విన్న తరువాత

మా ఇంటి నడవలో మా ముత్తాతగారి ఫోటో ఒకటి వేలాడుతూ ఉంటుంది. తలపాగా, భుజం మీద ఉత్తరీయం, చేతిలో పొన్నుకర్ర. ముఖం స్పష్టంగానే ఉంది కాని, ఆయన గొంతు ఎలా ఉండేదో చెప్పగలిగినవారు ఇప్పుడు మా వంశంలో ఎవరూ లేరు. మా నాయనమ్మ బతికి ఉన్న రోజుల్లో, పొద్దు గూకే వేళ తన మామగారు ఎడ్లను పిలిచే కేకను అనుకరించి మమ్మల్ని నవ్వించేది. ఆ అనుకరణ 1993లో మా చిన్నాన్న పట్టిన ఒక క్యాసెట్‌లో ఉంది. ముత్తాతగారి గొంతుకు సంబంధించి మా దగ్గర ఉన్న సాక్ష్యమంతా అదే.

గత ఏడాది, ఫోటోతో పాటు నాలుగు వివరాలు రాసి పంపితే పూర్వీకుల గొంతును తయారుచేసి ఇస్తామన్న ఒక ఆన్‌లైన్ సేవకు 799 రూపాయలు కట్టాను. మూడో రోజున ఒక నిమిషం నిడివి గల ఫైలు వచ్చింది. అందులో మా ముత్తాతగారు టీవీలో వార్తలు చదివేవారి గొంతుతో, "నమస్కారం, మీ ముత్తాతను మాట్లాడుతున్నాను" అన్నారు. మా పల్నాటి పల్లెలో ఆ తరం మనిషి ఎవరూ తన మునిమనవడిని అంత మన్నించి పలకరించి ఉండరు. అంతకన్నా నన్ను బాధించినది మరొకటి ఉంది. ఆయన చుట్ట కాల్చేవారని నేను రాసిన వివరాన్ని వాడుకుంటూ ఆ గొంతు "చుట్ట" అన్నప్పుడు, దాన్ని "చిలక"లోని చకారంతో పలికింది. మా వైపు "చుట్ట"లో వినిపించేది నాలుక కొసను పళ్ల వెనుక ఆనించి పలికే దంత్య చకారం. ఆ తేడాను చూపడానికే పాత అచ్చు పుస్తకాల్లో చకారం నెత్తిన చిన్న రెండంకె వేసేవారు. మా ఊళ్లో ఏ పిల్లవాడూ తప్పు పలకని ఆ మాటను, ఆ ఊళ్లోనే పుట్టి పెరిగి పోయిన మనిషి నోట తప్పుగా వినవలసి రావడం నాకు చిన్న విషయంగా తోచలేదు.

ఆ సేవ పేరు ఇక్కడ రాయను. పోయిన డబ్బు కన్నా, ధ్వనిముద్రణ లేని కాలంలో జీవించిన మనుషుల గొంతుల గురించి నిజంగా ఎంతవరకు తెలుసుకోవచ్చు అన్న ప్రశ్న నన్ను ఎక్కువగా వెంటాడింది. దాని వెంట పడి వెతుకుతున్నప్పుడు దొరికినదే ఫస్ట్ సౌండ్స్ అనే శబ్ద భాండారం. అమెరికాకు చెందిన డేవిడ్ జొవన్నోనీ, పాట్రిక్ ఫీస్టర్, రిచర్డ్ మార్టిన్, మేగన్ హెన్నెసీ అనే నలుగురు కలిసి 2007లో మొదలుపెట్టిన ప్రయత్నం ఇది. లోకంలో మిగిలి ఉన్న అతి ప్రాచీనమైన ధ్వని జాడలను వెతికి, వాటిని వినిపించేలా చేసి, అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచడం వారి పని. రెండు నెలలుగా దాదాపు ప్రతి రాత్రీ అందులోని శబ్దాలను వింటూ, వాటితో పాటు వారు ఉంచిన వివరణలను చదువుతూ వచ్చాను. ఈ సమీక్ష ఆ అనుభవం మీద రాస్తున్నది.

ఈ భాండారానికి గుండెకాయ వంటివాడు ఎదువార్ లియోన్ స్కాట్ ద మార్టిన్‌విల్ అనే పారిస్ వాసి. ఆయన శాస్త్రవేత్త కాడు. అచ్చుకూటంలో పనిచేసిన మనిషి. శరీరశాస్త్ర గ్రంథం ఒకదాని ప్రూఫులు దిద్దుతుండగా, చెవి నిర్మాణాన్ని గురించిన భాగం ఆయన కంట పడింది. ధ్వని తగిలితే కర్ణభేరి కదులుతుంది, ఆ కదలికను చిన్న ఎముకలు లోపలికి చేరవేస్తాయి. కాంతి తన రూపాన్ని ఫోటోగా దిద్దుకోగలిగినప్పుడు, ధ్వని మాత్రం తనను తాను ఎందుకు రాసుకోకూడదని ఆయన ఆలోచించాడు. ఆ ఆలోచనకు 1857 మార్చి 25న పేటెంటు దక్కింది. మన చరిత్రలో ఆ నెల మరొక కారణంగా గుర్తుంటుంది. సరిగ్గా నాలుగు రోజుల తరువాత, 29న, బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తుపాకి ఎత్తాడు. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ రావడానికి అప్పటికి ఇంకా 20 ఏళ్ల వ్యవధి ఉంది.

స్కాట్ యంత్రం పేరు ఫోనోటోగ్రాఫ్. ధ్వని తనంతట తాను రాసుకునేది అని దాని అర్థం. ఒక పెద్ద గొట్టంలోకి పాడితే, దాని చివర బిగించిన పొర కదులుతుంది. పొరకు అంటించిన పంది వెంట్రుక ఆ కదలికను, చేత్తో తిప్పే స్తూపానికి చుట్టిన కాగితం మీద గీస్తుంది. ఆ కాగితానికి ముందుగా దీపపు మసి పట్టిస్తారు. వెంట్రుక నడిచిన చోట మసి లేచిపోయి తెల్లని గీత మిగులుతుంది. ఇది ఎలా ఉంటుందో కళ్లారా చూడాలని నేను ఒక చిన్న ప్రయత్నం చేశాను. మా అమ్మ కాటుక పట్టే పద్ధతిలోనే, ఆముదపు ప్రమిద పైన, మంట తగలకుండా జానెడు ఎత్తున, ఒక నున్నని కాగితాన్ని అటూ ఇటూ కదిలిస్తూ పట్టుకున్నాను. పది నిమిషాలకు అది మఖమలు గుడ్డలా నల్లబడింది. వాడని రంగుల కుంచె నుంచి ఒక వెంట్రుక తీసి దాని మీద లాగితే, ఒత్తిడి ఏమీ లేకుండానే సన్నని తెల్లగీత పడింది. ఊపిరి గట్టిగా వదిలితే కూడా ఆ మసి చెదిరింది. తాటాకు మీద మనవారు గంటంతో ముందు గీసి, తరువాత మసి పూసి అక్షరాన్ని పైకి తెచ్చేవారు. ఇక్కడ ముందు మసి, తరువాత గీత. ఆ కాగితాన్ని చేతిలో పట్టుకున్నాక గాని, 160 ఏళ్లు దాటినా ఆ గీతలు నిలిచి ఉండటం ఎంతటి విశేషమో నాకు బోధపడలేదు.

ఒక సంగతిని ఈ భాండారపు వివరణలు పదే పదే గుర్తు చేస్తాయి. స్కాట్ ఈ గీతలను తిరిగి వినిపించాలని అనుకోలేదు. కంటితో చదవడానికే వాటిని రాయించాడు. మాట, పాట, నటుడి ఉచ్చారణ కాగితం మీద ఒక కొత్త లిపిగా నిలిచిపోతాయని, సాధన చేసినవారు ఆ లిపిని చదవగలరని ఆయన ఆశ. ఆ ఆశ నెరవేరలేదు. ఆ వంకరగీతలను చదివి మాటలను పోల్చుకోవడం ఎవరి వల్లా కాలేదు. 1879లో, ఎడిసన్ పేరు లోకమంతా మారుమోగుతున్న కాలంలో, ఆయన కన్నుమూశాడు. కాని ఆయన తన కాగితాలను పారిస్‌లోని పేటెంటు కార్యాలయంలోను, విజ్ఞానశాస్త్ర అకాడమీలోను శ్రద్ధగా దాఖలు చేసి వెళ్లాడు. అచ్చుకూటంలో పనిచేసిన మనిషికి కాగితం విలువ తెలుసు. ఆ దాఖలు చేయడమే ఆయన గొంతును కాపాడింది.

2008లో ఫస్ట్ సౌండ్స్ బృందం ఆ కాగితాలను అత్యంత సూక్ష్మమైన వివరాలతో స్కాన్ చేయించింది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలో కార్ల్ హేబర్, ఎర్ల్ కార్నెల్ అనే శాస్త్రవేత్తలు, గీత ఎక్కడెక్కడ ఎంత పైకి, ఎంత కిందికి పోయిందో కంప్యూటరు చేత కొలిపించి, ఆ కొలతలను ధ్వనిగా మార్చారు. సూది లేదు, రాపిడి లేదు. కాగితాన్ని ఎవరూ తాకలేదు. 1860 ఏప్రిల్ 9న గీసిన ఒక కాగితం నుంచి "ఓ క్లేర్ ద లా లూన్" అనే ఫ్రెంచి జానపద గీతంలోని ఒక ముక్క వినిపించింది. ఆ తేదీన మన రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ఇంకా వారం రోజుల్లో పన్నెండేళ్లు నిండబోతున్న బాలుడు.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. స్తూపాన్ని చేత్తో తిప్పినప్పుడు వేగం సమానంగా ఉండదు కదా. చెయ్యి ఒకసారి తొందరపడుతుంది, ఒకసారి నెమ్మదిస్తుంది. అలాంటప్పుడు ఏ స్వరం ఎంత ఎత్తులో ఉన్నదో ఎలా తెలుస్తుంది? 1857 నాటి కాగితాలతో వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే. 1860 నాటికి స్కాట్ దానికి ఉపాయం కనిపెట్టాడు. గొంతు గీతకు పక్కనే, అదే కాగితం మీద, ఒక శృతిదండం (ట్యూనింగ్ ఫోర్కు) కంపనాన్ని రెండో గీతగా రాయించాడు. శృతిదండం కంపన వేగం మారదు. కాబట్టి చెయ్యి తొందరపడిన చోట దాని అలలు సాగిపోతాయి, నెమ్మదించిన చోట దగ్గరపడతాయి. ఆ అలలన్నిటినీ ఒకే కొలతకు సరిచేస్తే, పక్కనున్న గొంతు గీత కూడా తనంతట తానే సరిపడుతుంది. గాయకుడి వెనుక తంబూరా కూర్చున్నట్లు, ఆ గీత గొంతుకు తోడుగా కూర్చుంది. 150 ఏళ్ల తరువాత వచ్చేవారి కోసమని స్కాట్ ఆ ఏర్పాటు చేయలేదు. తన కొలత సరిగ్గా ఉండాలని చేశాడు. అయినా, మనం ఈనాడు ఆయన గొంతు వినగలగడానికి ఆ రెండో గీతే ఆధారం.

ఆ ఆధారాన్ని చదవడంలోనే మొదట ఒక పొరపాటు జరిగింది. ఈ భాండారం మీద నాకు నమ్మకం కుదిరినది ఆ పొరపాటును వారు చూపిన తీరు వల్లనే కాబట్టి, దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను. శృతిదండం సెకనుకు 500 కంపనాలు చేస్తుందని స్కాట్ రాసిపెట్టాడు. 2008లో బృందం ఆ అంకెను మనం ఈనాడు లెక్కించే పద్ధతిలోనే తీసుకుంది. దాని ప్రకారం 10 సెకన్ల పాట వచ్చింది. అందులో వినిపించినది ఒక స్త్రీదో, పసిపిల్లదో అయిన సన్నని గొంతు. లోకమంతా దాన్నే విన్నది, పత్రికలన్నీ దాన్నే రాశాయి. కాని ఆ కాలపు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు, ఊయల అటు పోవడాన్ని ఒకటిగా, ఇటు రావడాన్ని మరొకటిగా లెక్కించేవారు. మన లెక్కలో ఒక పూర్తి కంపనం వారి లెక్కలో రెండు. అంటే శృతిదండం నిజానికి సెకనుకు 250 కంపనాలే చేసింది, పాట రెండింతల వేగంతో వినిపించింది. 2009లో ఈ సంగతి గుర్తించి సరిచేసేసరికి, 10 సెకన్ల పాట 20 సెకన్లయింది. సన్నని ఆడగొంతు పోయి, మెల్లగా, ఒక్కో స్వరం మీద నిలబడుతూ పాడే మగవాడి గొంతు వచ్చింది. అది స్కాట్ గొంతే కావచ్చునని, దాదాపు నిశ్చయంగా అంతేనని, ఇప్పుడు వారు భావిస్తున్నారు.

లోకమంతా మెచ్చిన మొదటి ఫైలును వారు దాచిపెట్టలేదు. తప్పు వేగంతో ఉన్నదాన్ని, సరిచేసినదాన్ని కూడా విననిస్తూ, ఎందుకు తప్పు జరిగిందో వివరంగా రాసి పెట్టారు. రెండింటినీ వెంటవెంటనే వినమని ఈ సమీక్ష చదివేవారిని నేను ప్రత్యేకంగా కోరుతున్నాను. ఒక్క అంకెను చదివే పద్ధతి మారితే ఆడమనిషి మగమనిషిగా మారిపోయిన ఈ ఉదాహరణ ముందు, ఫోటో ఒక్కటి పంపితే గొంతు పంపుతామనే మాటకు ఏమి విలువ ఉందో వినేవారికే తెలుస్తుంది.

ఇక వినడం గురించి. మొదటిసారి నేను ఫోను స్పీకరులో విన్నాను. గాలిహోరు తప్ప మరేమీ తెలియలేదు. చెవులకు మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గదిలో ఫ్యాను ఆపి, నాలుగోసారి విన్నప్పుడు పాట విడివడింది. బావి లోపల నుంచి ఎవరో పాడుతున్నట్లు ఉంటుంది. హల్లులు దాదాపు వినబడవు. అచ్చులు, వాటి మీద స్వరం ఎక్కడం దిగడం తెలుస్తాయి. ముందుగా ఆ పాటను ఈనాటి గాయకులు పాడగా ఒకసారి విని, ఆ తరువాత దీన్ని వింటే చెవికి దారి దొరుకుతుంది. పాటలోని "పియెరో" అనే పేరు దగ్గర గొంతు కొంచెం తడబడినట్లు నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. అది ఆ మనిషి తడబాటో, స్తూపం తిప్పిన చేతి తడబాటో నేను చెప్పలేను. కాని ఆ చోటు రాగానే ఇప్పుడు నాకు అది బాగా తెలిసిన మనిషి దగ్గు లాగా అయిపోయింది.

భాండారంలో ఇంకా చాలా ఉన్నాయి. ఇటాలియన్ కవి టాసో నాటకంలోని తొలి పంక్తులను స్కాట్ చదివిన కాగితం ఒకటి ఉంది. పాట కాకుండా మాటగా పోల్చుకోదగిన మానవ స్వరాల్లో మిగిలినవాటిలో ఇది అతి పాతది. నా మట్టుకు పాట కన్నా ఇదే ఎక్కువ కదిలించింది. పాటలో మనిషి రాగం వెనుక కొంత దాగి ఉంటాడు. చదివేటప్పుడు, వాక్యం చివర గొంతు దించడంలో, ఊపిరి తీసుకోవడంలో మనిషి బయటపడతాడు. 1857 నాటి కార్నెట్ వాద్యపు స్వరాలు, శృతిదండం ఒక్కటే మోగిన కాగితాలు పరిశోధకులకు ముఖ్యమైనవే అయినా, మామూలు శ్రోత ఒకసారి విని ముందుకు సాగవచ్చు. 2015లో యునెస్కో స్కాట్ కాగితాలను తన ప్రపంచ జ్ఞాపకాల పట్టికలో చేర్చింది. మానవజాతి తన గొంతును తాను నమోదు చేసుకున్న తొలి సందర్భంగా వాటికి ఆ గౌరవం దక్కింది.

వారి నిగ్రహాన్ని గురించి కూడా చెప్పాలి. 1863లో వాషింగ్టన్‌లో అబ్రహాం లింకన్ గొంతును ఇలాగే మసి కాగితం మీద పట్టారని ఒక కథ చాలాకాలంగా ప్రచారంలో ఉంది. ఆ కాగితం దొరికితే ఈ బృందానికి వచ్చే పేరు అంతా ఇంతా కాదు. అయినా, అలాంటి కాగితం ఇంతవరకు బయటపడలేదు కాబట్టి, లింకన్ గొంతు ఇలా ఉండేదేమో అంటూ వారు ఏ ఫైలూ తయారుచేసి పెట్టలేదు. ఆధారం ఆగిన చోట వారూ ఆగారు.

దీనివల్ల ఈ భాండారం పరిధి చాలా చిన్నదిగానే ఉండిపోతుంది. స్కాట్ యంత్రానికి ముందరి మనిషి గొంతు ఒక్కటీ ఇందులో లేదు, ఉండే అవకాశమూ లేదు. త్యాగరాజస్వామి 1847 జనవరిలో సిద్ధి పొందారు. స్కాట్ పేటెంటుకు, ఆయన చివరి పాటకు మధ్య పదేళ్ల దూరమే ఉంది. తిరువయ్యారులో ఎవరి దగ్గరైనా అలాంటి మసి కాగితం ఒకటి ఉండి ఉంటే అని ఊహించుకోవడానికి కూడా గుండె ఒప్పుకోదు. కృతులు శిష్యుల నోట మిగిలాయి, సంగతులు మిగిలాయి, ఆయన గొంతు మాత్రం, అది గంభీరమైనదో, సన్నదో, వయసుతో పాటు జీర అందుకున్నదో, ఆ కావేరి తీరాన విన్నవారితోనే పోయింది.

అంతకు ముందు కాలాల సంగతి తెలుసుకోవాలని ఇతరులు చేసిన ప్రయత్నాలను కూడా, ఈ భాండారంతో పోల్చి చూడటం కోసం, నేను విన్నాను. వాటిలో పేరు పొందినది నెస్యమున్ అనే ఈజిప్టు పూజారిది. సుమారు 3,000 ఏళ్ల క్రితం, 11వ రామ్‌సెస్ కాలంలో, కర్నాక్ ఆలయంలో మంత్రాలు పఠించిన మనిషి ఆయన. దేహం ఇప్పుడు ఇంగ్లండులోని లీడ్స్ నగర మ్యూజియంలో ఉంది. ఆ దేహాన్ని సీటీ స్కాన్ చేసి, గొంతు నుంచి పెదవుల దాకా ఉన్న మార్గాన్ని కొలిచి, త్రీడీ ముద్రణతో దాని అచ్చు తీసి, కృత్రిమ స్వరపేటికను దానికి జోడించి, 2020లో ఒక శబ్దాన్ని వినిపించారు. వినిపించినది ఒక్క అచ్చు మాత్రమే. మన అకార ఎకారాల నడుమ ఉన్నట్లుగా, ఒక సెకను కూడా నిండకుండా. ఆ మనిషి శవపేటిక మీద తన మాట దేవతల ముందు సత్యంగా నిలవాలన్న కోరిక రాసి ఉన్నందువల్ల, ఆయనకు మళ్లీ గొంతు ఇవ్వడం ఆ కోరికకు తగినదేనని పరిశోధకులు అన్నారు. నాకు ఆ ప్రయత్నం మీద గౌరవం ఉంది. కాని అక్కడ దొరికినది వాద్యం, అది కూడా నాలుక ఎండిపోయిన వాద్యం. దాన్ని ఆయన ఎలా వాయించేవాడో ఏ స్కానూ చెప్పదు.

మన భాషలో ఇందుకు సరిగ్గా తిరగబడిన పరిస్థితి ఉంది. వాద్యం పోయింది, వాయించిన తీరు కొంత మిగిలింది. నన్నయ, తిక్కనల పద్యాల్లో ప్రాసస్థానంలో మామూలు రేఫకు (ర), బండి రకు (ఱ) పొత్తు కుదరదు. అంటే ఆ కాలపు చెవికి అవి రెండు వేర్వేరు ధ్వనులు. తరువాతి తరాలవారు వాటిని కలిపేయసాగారు. 17వ శతాబ్దంలో అప్పకవి ఏ మాటలో ఏ రేఫ ఉండాలో పట్టికలు కట్టవలసి వచ్చింది. చెవికి తేడా తెలుస్తున్నంత కాలం పట్టికలతో ఎవరికీ పని ఉండదు. పట్టిక పుట్టిందంటే నోట్లోనుంచి ఆ ధ్వని జారిపోయిందనే అర్థం. రేనాటి చోళుల శాసనాల్లో, తమిళంలో ఈనాటికీ పలికే ఒక ప్రత్యేకమైన ళకారానికి విడిగా అక్షరం ఉండేది. తరువాతి శాసనాల్లో అది కనిపించకుండా పోయింది. వేద పాఠశాలల్లో గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి ఉదాత్తానుదాత్తాలు, అంటే స్వరపు ఎత్తుపల్లాలు, తప్పకుండా దిగి వచ్చాయి. ఇవన్నీ నిజమైన సాక్ష్యాలే. వీటి వల్ల ఒక కాలపు పలుకుబడి తెలుస్తుంది. తిక్కన బండి రను మామూలు రేఫకు భిన్నంగా పలికేవాడని మనం ధైర్యంగా చెప్పవచ్చు. ఆయన గొంతు బొంగురో, కంచు గంటో చెప్పలేము.

పలుకుబడి ఒక ఊరిది, ఒక కాలానిది. గొంతు ఒక్క మనిషిది. నేను డబ్బు కట్టిన ఆ సేవ పలుకుబడినీ పట్టించుకోలేదు, గొంతు జాడ కోసమూ వెతకలేదు. మా ఊరి చకారాన్ని తెలుసుకోవడానికి మా ఊరి ముసలివారి మాటలు పది నిమిషాలు వింటే సరిపోయేది. ఆ పని చేసి, "ఇది మీ ముత్తాత పలుకుబడికి దగ్గరగా ఉండవచ్చు, గొంతు మాత్రం మా కల్పన" అని రాసి ఇచ్చి ఉంటే, నేను ఆ 799 రూపాయలను సంతోషంగా ఇచ్చేవాణ్ణి. ఫస్ట్ సౌండ్స్ రూపాయి అడగకుండా, ఒక్క మనిషి గొంతును, ఒక్క రోజుది, 20 సెకన్లు ఇచ్చింది; ఆ 20 సెకన్లకు వెనుక ఉన్న కాగితం ఏది, కొలత ఏది, తప్పు ఎక్కడ జరిగిందో అన్నీ విప్పి చూపించింది.

వాడదలచుకున్నవారికి కొన్ని మాటలు. వివరణలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. సాంకేతిక విషయాలు ఎక్కువైన చోట నిదానంగా చదువుకోవాలి. స్కాట్ రాతప్రతులను ఫ్రెంచి మూలంతో, ఇంగ్లీషు అనువాదంతో ఉంచారు. ఆసక్తి ఉన్నవారు ముందు వాటిని తిరగేసి, ఆ తరువాత శబ్దాలకు వెళితే బాగుంటుంది. కాగితాల చిత్రాలను ఎదురుగా పెట్టుకుని వినండి. గొంతు గీత, శృతిదండం గీత పక్కపక్కనే పరుగెత్తడం కంటితో చూస్తూ వింటే, చెవి పట్టుకోలేని చోట కన్ను సాయం చేస్తుంది. హైస్కూలు పిల్లలకు ధ్వని పాఠం చెప్పే ఉపాధ్యాయులు దీన్ని తరగతిలో వినిపించాలని నా కోరిక. శృతిదండం బొమ్మను మనమందరమూ పుస్తకంలో చూసి, రికార్డులో వేసి, మరచిపోయినవారమే; అది ఒక మనిషి గొంతును కాలగర్భం నుంచి బయటికి తీసిన సాధనమని ఆ పాఠంతో పాటు ఎవరూ నాకు చెప్పలేదు.

పోయిన ఆదివారం మా అమ్మకు హెడ్‌ఫోన్లు పెట్టి ఆ పాట వినిపించాను. ఆవిడ 30 ఏళ్లు పిల్లలకు సంగీతం చెప్పిన మనిషి. ఎవరు, ఎప్పుడు పాడారన్నది ముందు చెప్పలేదు. కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నది. "ఇది పాట పాడటం కాదు నాన్నా, స్వరం పలికించి చూపించడం. సరళీ వరసలు మొదలుపెట్టిన పిల్లలకు మేము ఇలాగే ఒక్కొక్క స్వరం మీద నిలబడి చెబుతాం. ఈయన ఎవరికో నేర్పిస్తున్నాడు" అన్నది. ఎదురుగా ఉన్నది మసి పూసిన కాగితమని, దాని మీద ఒక వెంట్రుక మాత్రమే వింటున్నదని చెప్పాను. ఆవిడ హెడ్‌ఫోన్లు తీయకుండానే, "మళ్లీ పెట్టు" అన్నది. ఆ సాయంత్రం బీరువాలో నుంచి 1993 నాటి క్యాసెట్‌ను బయటికి తీశాము. టేపు ఒకచోట నలిగి ఉంది. దాన్ని సరిచేసి డిజిటల్‌లోకి మార్చి ఇచ్చేవారి కోసం ఇప్పుడు వెతుకుతున్నాము.